పులికాట్ రోడ్డు మీద రాజహంసలు: దగ్గరగానే కనపడుతున్నాయి, ఫోటో మాత్రం మెత్తగా వస్తోంది. తప్పెక్కడ?

నీలాటిరేవు:

జనవరి మూడో వారంలో రెండు రోజులు సూళ్ళూరుపేటలో ఉంటాను. పులికాట్ సరస్సు మధ్యగా పోయే శ్రీహరికోట రోడ్డు మీద రాజహంసలు (ఫ్లెమింగోలు), వీలైతే దగ్గర్లోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు (పెలికాన్లు) తీయాలి. కెమెరా ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్ రకం) మిర్రర్‌లెస్, లెన్సు 150-600 మి.మీ. జూమ్. ట్రైపాడ్ ఉంది, బైనాక్యులర్స్ ఇంకా కొనలేదు.

డిసెంబర్లో అక్కడే తీసిన ఫైళ్ళు ముందు పెట్టుకుని అడుగుతున్నాను. పొద్దున 10 గంటలప్పుడు, రోడ్డు వారన నిలబడి, 600 దగ్గర, లెన్సు రంధ్రం ఎఫ్ 6.3, షటర్ 1/1000 సెకను, ఆటో ఐఎస్ఓ (వెలుగుని బట్టి సెన్సర్ సున్నితత్వం కెమెరాయే మార్చుకునేది). కెమెరా తెర మీద బాగానే ఉన్నాయి. కంప్యూటర్లో నూరు శాతానికి పెంచితే కన్ను ఎక్కడుందో తెలియట్లేదు, మెడ అంచు నీళ్ళలో నీడలాగా వంకర్లు పోతోంది. వరసగా నలభై ఫ్రేములూ అంతే. వీపు మీద తెలుపు సున్నం కొట్టినట్టుంది, ఒక్క ఈక గీత లేదు. పైగా కారు దిగి నాలుగడుగులు వేసేసరికి గుంపు గుంపంతా అవతలికి నడిచిపోతోంది.

లెన్సు సర్వీసుకి ఇవ్వాలా? ట్రైపాడ్ వాడితే కుదురుతుందా? ఏ వేళకి వెళ్ళాలి, ఎటు తిరిగి తీయాలి? రెండు చోట్లూ ఒకే రోజులో అవుతాయా?

ఉప్పుగాలి:

లెన్సుని ఏమీ అనకండి. అంచు వంకర్లు పోయిందన్నారు కదా, జబ్బు అక్కడే దొరికింది. ఫోకస్ తప్పితే పక్షి అంచు అంతా ఒకే తీరుగా మసకబారుతుంది. చెయ్యి కదిలితే అన్నీ ఒకే దిక్కుకి సాగుతాయి. అంచు ఒకచోట లోపలికి, ఇంకోచోట బయటికి పోయిందంటే అది ఎండసెగ. తారు రోడ్డు, ఆరుతున్న బురద వేడెక్కి, వాటి మీది గాలి పొరలు పొరలుగా పైకి లేస్తుంది. ఆ పొరల్లోంచి వచ్చే వెలుగు వంగుతూ వస్తుంది. 600 మి.మీ. లెన్సు పక్షితో పాటు ఆ వంకర్లనీ పెద్దది చేసి చూపిస్తుంది. దానికి ట్రైపాడ్ మందు కాదు, స్టెబిలైజరూ కాదు, నాలుగు లక్షల లెన్సూ కాదు. ఉన్నవి రెండే: దూరం తగ్గించడం, పొద్దున్నే వెళ్ళడం.

తీసే ముందు పరీక్ష చేసుకోండి. పక్షి కాలి మీద తెరని పది రెట్లు పెంచి రెండు క్షణాలు చూడండి. కాలు వణుకుతున్నట్టుంటే, పక్షి కదలకుండా నిలబడినా సరే, ఆ ఫ్రేము దండగ. కెమెరా దించి బైనాక్యులర్స్ తీసుకోవడం మేలు.

దూరం లెక్క ఇలా వేసుకోండి. మీ సెన్సర్ ఎత్తు సుమారు 15.6 మి.మీ. 600 దగ్గర 80 మీటర్ల దూరంలో మీ ఫ్రేము ఎత్తు రెండు మీటర్లు. పెద్ద రాజహంస నిలబడితే 1.2 నుంచి 1.4 మీటర్లు ఉంటుంది, కాబట్టి ఫ్రేములో అరవై శాతం దరిదాపు నిండుతుంది. అదే 150 మీటర్లయితే ఫ్రేము ఎత్తు నాలుగు మీటర్లకి దగ్గర, పక్షి అందులో మూడో వంతు. 10 గంటల ఎండలో 150 మీటర్ల అవతలి పక్షిని తీసి, దాన్ని కత్తిరించి పెద్దది చేస్తే మీరు చెప్పినట్టే వస్తుంది.

ఆ రోజుల్లో సూర్యోదయం ఆరున్నర దాటాక. ఆరుంబావుకల్లా కారు ఆపి, ఇంజనూ ఏసీ ఆపేసి, అద్దాలు దించి ఉండాలి. ఎనిమిదిన్నర దాకా మంచి పని జరుగుతుంది. తొమ్మిది దాటితే 40 మీటర్ల లోపు పక్షులు తప్ప వేటి మీదా షటర్ వృథా చేయకండి. సాయంత్రం నాలుగున్నర నుంచి మళ్ళీ మొదలు. మబ్బు పట్టిన రోజున, రాత్రి వాన పడిన మర్నాడు సెగ తక్కువ. అలాంటి రోజు దొరికితే పదిన్నర దాకా తీయొచ్చు. వెలుగు చదునుగా ఉంటుందని మబ్బు రోజుని చాలామంది వదిలేస్తారు. తెల్ల పక్షులకి అదే నయం.

ఇక దిక్కు. సూళ్ళూరుపేట నుంచి రోడ్డు దాదాపు తూర్పుకి పోతుంది, నీళ్ళు రెండు వైపులా. ఈ నెలల్లో సూర్యుడు ఆగ్నేయాన పొడిచి, రోజంతా దక్షిణాకాశంలోనే నడిచి నైరుతిలో దిగుతాడు. అంటే రోడ్డుకి ఉత్తరాన ఉన్న పక్షి మీద ఎప్పుడూ మీ వెనక నుంచో పక్క నుంచో ఎండ పడుతుంది. దక్షిణాన ఉన్నవన్నీ ఎదురెండలో ఉంటాయి. మన దేశంలో ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి శ్రీహరికోట వైపు వెళ్ళేటప్పుడు కారు ఎడమ వైపే ఉత్తరపు నీళ్ళు. బండి ఇంకొకరికి ఇచ్చి మీరు వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చోండి. పొద్దున కొంచెం వెనక్కి, అంటే వాయవ్యానికి తిరిగితే పక్షి ముఖం మీద నేరుగా ఎండ ఉంటుంది. సాయంత్రం ఈశాన్యానికి తిరగాలి. తిరుగు ప్రయాణంలో ఎడమ పక్క దక్షిణం అవుతుంది. సూర్యుడు దిగే వేళ నల్లటి ఆకారాలు తీయడానికి అది పనికొస్తుంది, ఈకల వివరం మాత్రం అడక్కండి.

గూడబాతు:

పైన అన్న చెప్పింది కరెక్టే గానీ, దిక్కు కన్నా ముందు నీళ్ళు చూసుకోవాల. ఈడ వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. తుఫాను గట్టిగా కొట్టిన ఏడు రోడ్డు అంచు దాకా నీళ్ళు నిండి ఉంటాయి. రాజహంస ఈదగలదు గానీ మేత మేసేది మోకాలు లోతు, మహా అయితే పొట్ట తగిలే లోతులో. లోతు ఎక్కువైతే గుంపులు దూరంగా పోయి ఏడ పలచగా ఉంటే ఆడ దిగతాయి. జనవరిలో నీళ్ళు తీసే కొద్దీ రోడ్డుకి దగ్గరగా వస్తాయి, ఫిబ్రవరిలో ఇంకా దగ్గర. ఎండాకాలానికి ఈ పక్క చాలా మేర ఎండి తెల్లటి ఉప్పు పట్టు కనపడద్ది. కాబట్టి మూడో వారం బాగుంటదా అంటే, ఆ యేటి వానని బట్టి. ఒడ్డున బురద పట్టీ, దాని పక్కన పలచటి నీళ్ళు కనపడితే ఆగు. ఒడ్డు నుంచే నిండుగా నీలంగా ఉంటే ఆడ బాతులు, గూడబాతులే దొరకతాయి, ముందుకి పో.

కారు ఆపడం గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు, లారీలు ఆ రోడ్డు మీద గట్టిగా పోతాయి. నాలుగు చక్రాలూ తారు దిగేలా ఆపాల. అయితే వాన పడిన వారంలో మట్టి అంచు పైకి ఎండినట్టుండి లోపల జిగట బంకలా ఉంటది, ముందు టైరు దిగిందంటే ట్రాక్టరు పిలవాల్సిందే. దిగి మడమతో తొక్కి చూడు, మడమ కూరుకుపోతే వేరే చోటు వెతుక్కో. షార్ గేటు కనపడే దూరంలో కెమెరా బయటికి తీయబాకు.

గుంపు నడిచిపోవడం సంగతి. కారుని అవి పెద్దగా పట్టించుకోవు, రోజూ చూసేదే. మనిషి ఆకారం నిలువుగా దిగితే మాత్రం ఊరుకోవు. వాటి లెక్క ఇదీ: ముందు మేత ఆపి తలలెత్తతాయి. తర్వాత అన్నీ ఒకే దిక్కుకి తిరగతాయి. తర్వాత దగ్గర దగ్గరగా జరిగి నడక. ఆ తర్వాత పరుగు, ఎగరడం. తలలెత్తినప్పుడే నువ్వు కదలకుండా ఆగిపోతే రెండు మూడు నిమిషాల్లో మళ్ళీ మేతకి దిగతాయి. రెండోది దాటనిస్తే ఇక ఆ గుంపు నీది కాదు. కొందరు హారన్ కొట్టి, చప్పట్లు కొట్టి ఎగరగొడతారు. అంత బరువు పక్షి లేవాలంటే నీళ్ళ మీద పరిగెత్తాల, పొద్దుట నుంచీ మేసింది దానికే ఖర్చు. ఎగిరితే వచ్చే ఫోటో కూడా వెనక భాగాలదే. పులికాట్, నేలపట్టు రెండూ అభయారణ్యాలు, డ్రోన్ సంచిలోంచి తీయబాకు.

ట్రైపాడ్ ఇంట్లో పెట్టు. కారు కిటికీకి గింజల సంచి చాలు. పాత జీన్సు కాలు కోసి, ఒక కొస కుట్టి, రెండు కిలోల ఉలవలు పోసి రెండో కొస కుట్టు. కుట్టినాక 30 సెంటీమీటర్ల పొడవుంటే సరి. థర్మాకోల్ గింజలు తేలిక, లెన్సు ఊగతాది. అద్దం సగం దించి దాని అంచు మీద సంచి వేయబాకు, పూర్తిగా దించి తలుపు మీద వెయ్. ఇంజన్ ఆన్‌లో ఉంటే సంచిలోంచి కూడా వణుకు వస్తది.

లకుముకి:

సున్నం కొట్టిన తెలుపుకి సమాధానం నేను చెబుతాను.

ఆటో ఐఎస్ఓలో కెమెరా ఫ్రేము మొత్తాన్నీ సగటు చేసి నడిమి బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. మీ పక్షి చిన్నది, వెనక బురద, ముదురు నీళ్ళు. కెమెరా చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచింది, తెలుపు కాలిపోయింది. అదే పక్షి పది నిమిషాల తర్వాత మెరిసే నీళ్ళ ముందుకి నడిస్తే కెమెరా వెలుగు తగ్గించి మురికి బూడిద చేస్తుంది. ఎండ మారలేదు, పక్షి మారలేదు, వెనకది మారింది, అంతే. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచిన వెలుగుని మనం పెంచే, తగ్గించే చక్రం) మొదటి దానికి -0.7 నుంచి -1, రెండో దానికి +0.7 నుంచి +1 పెట్టొచ్చు. కానీ నడిచే గుంపు మీద ఆ చక్రం తిప్పుతూ కూర్చోవడం కన్నా పూర్తి మాన్యువల్ తేలిక. నిలకడైన ఎండలో ఒకసారి కుదిర్చితే పావుగంట దాకా ముట్టుకోనక్కర్లేదు.

ఎఫ్ 6.3 దగ్గర మొదలుపెట్టడానికి అంకెలు: సూర్యుడు పొడిచిన పది నిమిషాలకి 1/1000, ఐఎస్ఓ 3200 దరిదాపు. 7 గంటలకి 1/2000, ఐఎస్ఓ 1000. ఎనిమిదిన్నరకి 1/2500, ఐఎస్ఓ 400. ఇవి తిరుగులేని అంకెలు కావు, మొదటి ఫ్రేము కోసం. అది తీశాక గుంపులో అన్నిటికన్నా తెల్లగా, ఎండ నేరుగా పడుతున్న పక్షిని పెద్దది చేసి చూడండి. హైలైట్ హెచ్చరిక (తెలుపు కాలిపోయిన చోట తెర మీద మెరిసేది) మెరుస్తుంటే మూడో వంతు స్టాపు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగం) చొప్పున తగ్గించుకుంటూ పోండి, మెరుపు ఆగిన చోట నిలపండి. రా ఫైలు (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) తప్పనిసరి.

రాజహంస దగ్గర ఇంకో మోసం ఉంది. తెలుపు బాగున్నా రెక్క ముడతలో ఉన్న ఎరుపు ముద్దగా, ప్లాస్టిక్ పువ్వులా వస్తుంది. హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు) ఒకే తెల్ల గీతగా చూస్తే అంతా క్షేమంగానే కనపడుతుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెడితే ఎరుపు గీత ఒక్కటే కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది. సాయంత్రం పసుపు ఎండలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వెలుగులోనే ఎరుపు పాలు పెరుగుతుంది. అప్పుడు తెలుపు ఎలా ఉన్నా ఇంకో అర స్టాపు తగ్గించండి.

ఫోకస్ మాట. పక్షి కన్ను గుర్తించే సదుపాయం మేస్తున్న రాజహంస దగ్గర తికమక పడుతుంది, తల నీళ్ళలో ఉంటుంది కాబట్టి. కన్ను దొరక్క పక్కనున్న ఇంకో పక్షి మీదకి దూకుతుంది. తలలు దించినంత సేపూ దాన్ని ఆపేసి, చిన్న ఒంటి పాయింటు తీసుకుని మెడ మొదట్లో పెట్టండి. రాజహంస పై ముక్కు అడుగున, కింది ముక్కు పైన ఉండేలా తలని తలకిందులు చేసి నీళ్ళని వడకడుతుంది. గొంతు దగ్గర సన్నటి కదలిక చూస్తూ ఉండండి. ఆ కదలిక ఆగిందంటే తల పైకి వస్తుంది, ముక్కు నుంచి నీళ్ళు దారగా కారతాయి. మీకు కావాల్సిన క్షణం అదే, 1/1600 చాలు. నడకకి 1/1000, ఎగిరేదానికి 1/2000 నుంచి 1/2500. గుంపు అంతా స్పష్టంగా రావాలని ఎఫ్ 8 పెట్టినా 80 మీటర్ల దగ్గర మీ లెన్సుకి స్పష్టత లోతు ఐదారు మీటర్లే. అందుకని గుంపులో ముందు వరసని పట్టుకోండి, వెనకవి మసకబారినా చూసేవాళ్ళకి ఇబ్బంది ఉండదు.

నీలాటిరేవు:

అందరికీ ధన్యవాదాలు. ఫైళ్ళు మళ్ళీ చూశాను, వాయవ్యం కాదు, నేరుగా దక్షిణానికి తిరిగి తీసినవే సగం. ఇంకో రెండు సందేహాలు. ఉత్తరం వైపే తీస్తే ఎగిరే పక్షులన్నీ వీపు చూపిస్తూ వస్తున్నాయని ఇంకోచోట చదివాను, నిజమేనా? బైనాక్యులర్స్ 10x50 (పది రెట్లు, ముందు గాజు 50 మి.మీ.) తీసుకోమంటున్నారు, సరేనా?

ఉప్పుగాలి:

నిజమే, ఈశాన్య గాలి ఉన్న రోజున. నీటి పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. ఈశాన్యం నుంచి వీస్తే ఉత్తరపు నీళ్ళ నుంచి లేచేవి మీకు దూరంగా పోతాయి. ఎండ మీ వైపు, గాలి వాటి వైపు. అలాంటప్పుడు లేచేవాటిని వదిలేసి దిగేవాటిని పట్టుకోండి. దక్షిణపు నీళ్ళ నుంచి రోడ్డు దాటి వచ్చేవి మీ నెత్తి మీదుగా పోయి పక్కకి ఒరిగి దిగుతాయి, ఆ ఒరిగినప్పుడు రెక్క పైభాగం ఎండకి తిరుగుతుంది. కారులోంచి అది కష్టం, అక్కడ మాత్రం దిగి కారుని ఆనుకుని నిలబడాలి. తెల్లవారుజామున నేల నుంచి వీచే గాలి ఉంటే లెక్క తిరగబడుతుంది, లేచేవి పక్కవాటుగా దొరుకుతాయి. కాబట్టి కారు యాంటెనాకి ఒక దారం కట్టి చూసుకోవడమే.

నీటికాకి:

10x50 వద్దు, 8x42 తీసుకోండి. పది రెట్లు పెంచేది చేతి వణుకునీ పది రెట్లు పెంచుతుంది. పైగా కంటికి చేరే వెలుగు గుండ్రం 42ని 8తో భాగిస్తే 5.25 మి.మీ., 50ని 10తో భాగిస్తే 5. బరువు మోసి తక్కువ వెలుగు కొనుక్కున్నట్టు. దూరపు ఉల్లంకుల (ఒడ్డు బురదలో మేసే పక్షుల) గుంపులకి స్పాటింగ్ స్కోపు కావాలి, 20-60 రెట్లది. ఎండ ఎక్కాక దాన్నీ 30 దాటించి లాభం లేదు, ఉప్పుగాలి గారు చెప్పిన సెగే కారణం.

గుర్తింపు దగ్గర రెండు మాటలు. రాజహంసల్లో పెద్ద జాతిదే ఎక్కువ. ముక్కు గులాబీ, కొస మాత్రం నలుపు. చిన్న రాజహంస ముక్కు దూరం నుంచి మొత్తం నల్లగా కనపడుతుంది, ఒళ్ళు కూడా ముదురు గులాబీ. గుంపులో బూడిద రంగువి ఉంటే వేరే జాతి అనుకోకండి, పిల్లలు. ఇంకోటి, గూడబాతులన్నీ సైబీరియా నుంచి వచ్చాయని బోర్డుల మీద కూడా రాస్తుంటారు. ఇక్కడి గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ మన దేశపువే, నీళ్ళని బట్టి ఊళ్ళు మారతాయి. పెద్ద రాజహంస కచ్ రణ్‌లో గుడ్లు పెడుతుంది. నిజంగా ఉత్తరపు చలి దేశాల నుంచి దిగేవి సూదితోక బాతులు, గాడ్విట్లు (పొడుగు ముక్కు ఉల్లంకులు), చిన్న ఉల్లంకులు.

ఉల్లంకి కాలికి రంగు పట్టీగానీ జెండాగానీ కనపడితే ఫోటో అందంగా రాకపోయినా సరే, రెండు కాళ్ళూ కనపడేలా తీయండి. ఏ కాలు, మోకీలుకి పైనా కిందా, రంగుల వరస, అక్షరాలు ఇవన్నీ రాసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే దాన్ని ఎక్కడ కట్టారో తెలుస్తుంది. జనవరిలోనే ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి నడుస్తున్నది. మీరు వెళ్ళే వారం దానికి దగ్గరే. లెక్కపెట్టాలంటే ఒకటీ రెండూ అనకండి. పది పక్షులు ఎంత జాగా తీసుకున్నాయో చూసి, ఆ ముక్కని గుంపు మీద పరుస్తూ పొండి. వెయ్యి దాటితే వంద ముక్క. గుంపు మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటుంది కాబట్టి ముక్కని మధ్యలోనూ అంచులోనూ వేరువేరుగా కొలవాలి. ఇది మరిచిపోయే చాలామంది లెక్క తగ్గించి రాస్తారు.

గూడబాతు:

నేలపట్టు అడిగినావు గదా. ఒకే రోజులో రెండూ అవతాయి. తొమ్మిదికి రోడ్డు మీద పని అయిపోయినాక హైవే ఎక్కి నెల్లూరు వైపు దొరవారిసత్రం దాకా రా, ఇరవై కిలోమీటర్ల లెక్క. ఆడ పక్షులు నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూళ్ళు కట్టుకుని ఉంటాయి, దగ్గర కాబట్టి సెగ అంత బాధించదు. గూడబాతు రెక్కలు చాపితే రెండు మీటర్ల పైన. 40 మీటర్లలో 600 దగ్గర నీ ఫ్రేము వెడల్పు మీటరున్నర, రెక్కలు తెగతాయి. 300కి తగ్గించుకో, మూడు మీటర్లు వస్తాది. పుల్లలు ముక్కున పెట్టుకుని వచ్చే పక్షిని ముందే చూసి, అది ఏ చెట్టు మీద దిగతాదో ఆ చెట్టుకి ఫోకస్ కట్టి ఉంచు. గట్టు దిగి చెట్ల వైపు పోబాకు. పెద్దది గూడు వదిలిందంటే కాకి గుడ్డు ఎత్తుకుపోవడానికి నిమిషం పట్టదు, పిల్ల ఉంటే ఎండకి ఉడికిపోతాది. గేటు తెరిచే వేళ ముందురోజే కనుక్కో.

సాయంత్రం రూముకి పోయినాక కెమెరా పొడి గుడ్డతో తుడవబాకు. ఆ గాలిలో ఉప్పు ఉంటది, గాజు మీద రుద్దితే గీతలే. ముందు గాలి బల్బుతో ఊది, మంచినీళ్ళలో తడిపి బాగా పిండిన గుడ్డతో ఒళ్ళు తుడువు, గాజుకి లెన్సు ద్రావకం. ఏసీ రూము నుంచి తెల్లారి బయటికి తెచ్చేటప్పుడు సంచి జిప్పు అరగంట తీయబాకు, లేకుంటే సూర్యుడు పొడిచే వేళకి లెన్సంతా మంచు పట్టి ఉంటది.

నీలాటిరేవు:

జీన్సు కాలు కోసేశాను. ఉలవలు రెండు కిలోలు పోస్తే సంచి నిండట్లేదు, ఇంకో అరకిలో పోయమంటారా?

గూడబాతు:

వద్దు. పావు వంతు ఖాళీ ఉండాల, అప్పుడే లెన్సు కూర్చోడానికి గుంట పడతాది. నిండా పోస్తే రాయి మీద పెట్టినట్టు దొర్లిపోద్ది. మంచుకి తడిస్తే అదే రోజు ఎండలో వెయ్, రెండు రోజులు డిక్కీలో మరిచిపోతే మొలకలొస్తాయి.